రెండంగుళాల మడత

ఫహాహీల్ పాత మార్కెట్ వెనక
నా కుట్టుమిషను వీధి వైపు లేదు.
ఉండుంటే ఏమన్నా చూసేవాడివా, అని అడిగినారు స్టేషన్లో.
గోడకుంది సార్.
రాయచోటి నుంచి వచ్చినప్పట్నుంచీ గోడనే చూస్తున్నా.

జెరూషా కొలతలు నీలం అట్ట పుస్తకంలో,
చెమట మరక పడిన పేజీలో:
భుజం పద్నాలుగు, చెయ్యి తొమ్మిది,
మెడ నుంచి మడమ దాకా యాభై రెండు.
పక్కన నా వంకర రాత: మడత 2.

"పెరిగే పిల్ల కదండీ మస్తాన్ గారూ,
లోపల రెండంగుళాలు వదిలెయ్యండి"
అనింది సిస్టరమ్మ,
నైట్ డ్యూటీ దిగి నేరుగా వచ్చి,
చున్నీలో ఇంకా డెట్టాల్ వాసన.

ఆ గురువారం రాత్రి దుమ్ము లేచింది.
సముద్రమెక్కడో రోడ్డెక్కడో తెలీని దుమ్ము.
నాలుగో అంతస్తులో ఏసీ తిరుగుతానే ఉందంట.
చెప్పులు గుమ్మం దగ్గరే.
ఫోను ఛార్జింగులో, వందకు వంద నిండి.
స్టౌ మీద ఇద్దరి ఉప్మాలో ఒకరి వంతు తిని,
గిన్నె కడిగి బోర్లించి.
లిఫ్టు కెమెరా రంజాన్ నుంచీ గుడ్డిది.
పాసుపోర్టు నాన్న బీరువాలో, తాళం తాళంగానే.
కొత్త యూనిఫారం ఒకటి లేదు.
పిల్ల లేదు.

కాగితానికి ఎత్తు కావాలన్నారు.
వాళ్ళ నాన్న గాలిలో చెయ్యి పెట్టినాడు, ఇంత అని.
కొంచెం దించినాడు.
మళ్ళీ ఎత్తినాడు.
ఆ చెయ్యి ఇంక ఎక్కడా ఆగలేదు.
నా పుస్తకం తీసుకుపోయి, తలకు తొమ్మిది కలుపుకొని
అరబ్బీలో, ఇంగ్లీషులో, మలయాళంలో
నా అంకెలే అంటించినారు ఊరంతా,
బకాలా తలుపులకు, చర్చి మెట్లకు, బస్టాపుకు.
నేను కొలిచింది బట్ట కోసం.

తర్వాత కథలు.
వంటింట్లో ఒకటి, బస్సులో ఒకటి,
కళ్ళు మూసుకుని చేసే ప్రార్థనలో కూడా ఒకటి.
ఏదీ ఆ పిల్లకు సరిపోలా,
ఒకచోట బిగుతు, ఒకచోట వదులు.

ఒకటి నేను చెప్పలేదు.

వాళ్ళమ్మ జిప్పులు తెస్తానని పక్కషాపుకు పోయినప్పుడు
"అంకుల్, లోపల ఒక జేబు పెట్టరా, బయటికి కనపడకుండా" అనింది.
ఎంతమ్మా అంటే
అరచెయ్యి తెరిచి చూపించింది.
పెన్ను గీతలుండినాయి దాని మీద, ఏవో లెక్కలు.
ఆడపిల్లల బట్టలకు జేబులెవరు పెడతారు పాపం అని
పెట్టినా, రెండిటికీ. డబ్బులు అడగలా.
అంతే.
అంతేనా, అని రాత్రుళ్ళు నన్ను నేనే కూచోబెట్టి అడుగుతా.
బస్సు చిల్లరకో, చాక్లెట్టుకో,
ఎవరిదో నంబరు రాసిన చీటీకో.
చెప్పుంటే ఒక దారి దొరికేదేమో.
చెప్పుంటే, ఇష్టపడి పోయిందిలే అని
ఫైలు మూసేసేవాళ్ళేమో.
అటూ ఇటూ లాగి
నా నోరు నేనే కుట్టేసుకున్నా.

రెండో యూనిఫారం ఇక్కడే ఉంది,
ఇస్త్రీ మడతల్లో పసుపు దిగుతా, ఆరేళ్ళుగా.
అప్పుడప్పుడు ఆ జేబులో చెయ్యి పెడతా.
నా వేళ్ళ వరకే పడుతుంది.

బడులు తెరిచే ముందు, ఏటా, సిస్టరమ్మ వస్తాది.
ఊడిన గుండీ ఒకటి తెస్తాది కుట్టమని.
ఊడింది కాదది.
దారం కత్తెరతో తెగింది, నాకు తెలీదా.
కుట్టిస్తా. కూచుంటాది. టీ తాగదు.

ఈసారి తలుపు దాకా పోయి ఆగి,
"రెండంగుళాలు చాలవేమోనండీ ఇప్పుడు" అనింది.

నేను గోడవైపు తిరిగి
మిషను తొక్కతానే ఉన్నా, చానాసేపు,
సూది కింద గుడ్డ లేకుండానే.