మూర తక్కువ

నాకు ముందు పుట్టినోళ్ళు ఇద్దరు పోయారని
చేటెడు తవుడుకి నన్ను పొరుగింటికి అమ్మేసి
మళ్ళీ అదే తవుడిచ్చి కొనుక్కుంది మామ్మ.
అందుకే తవిటమ్మని. సూరాడ తవిటమ్మ.
కొన్నప్పుడు చూసుకోలేదో, చూసీ ఊరుకుందో,
ఎడం చెయ్యి మోచేతి దగ్గరే ఆగిపోయింది.

"ఓలమ్మ, మూర తక్కువయ్యిందర్రా గుంట!"
అందట మంత్రసాని.
మా కళింగపట్నంలో అది తిట్టు కాదు, కొలత.
తాడు బారల్లో, లోతు బారల్లో, పూలు మూరల్లో.
మనిషినీ ఉన్నంత వరకూ కొలిచి చెబుతారు.

అయ్య రెండు చేతులూ చాచి వలతాడు కొలుస్తుంటే
గుండె మీదుగా తాడు నడిచేది.
ఏడేళ్ళప్పుడు పక్కన నిలబడి నేనూ చాచాను.
అయ్య నవ్వలేదు.
"నీ బారతో కొలిస్తే
సముద్రం ఇంకా లోతవుద్దే" అన్నాడు.

వంశధార ఉప్పెక్కే చోట, మొగ దగ్గర ఈత.
నేరుగా పోదామనుకుంటే ఎడమకి తిరిగిపోయేదాన్ని,
ఒంటి తెడ్డు పడవలా.
అవతలి ఇసకతిప్ప మీద గొడుగు పెట్టి పోయేవాడు తమ్ముడు.
గొడుగుని చేరడానికి నాకు రెండు వానాకాలాలు పట్టింది.
వంకర అక్షరాన్ని దిద్దినట్టు
కాళ్ళతో దిద్దుకుంటూ, దిద్దుకుంటూ.

తర్వాత పట్నాయక్ మాస్టారు.
తెల్లారి నాలుగింటికి ఆమదాలవలసలో రైలు,
డబ్బాలో చద్దన్నం, వేయించిన ఎండు నెత్తళ్ళు,
పెట్టెలో అందరూ ముక్కు మూసుకునేవారు.
మంచి చేతిని నడుముకి కట్టేసి
పొట్టిదానితో ఈదమనేవాడాయన.
మింగిన నీళ్ళకి లెక్క లేదు.
నాలుగో నెలలో ఒక పొద్దున
మోచెయ్యి నీళ్ళని పట్టుకుంది.
వదలలేదు.

పోటీకి ముందు ఒక గది. ముగ్గురు. టేపు.
ఎముక ఎంత, కండ ఎంత,
నీళ్ళల్లో ఎంత పనికొస్తుంది.
చివరికి నా లోటుకి ఒక అంకె ఇచ్చారు. ఎనిమిది.
ఫోనులో చెబితే మామ్మ అడిగింది:
"ఎనిమిదేటే? నూటికా?"

పరాయి దేశం. వంద మీటర్ల ఫైనల్.
ఆఖరి గోడ దగ్గరికి వచ్చేసరికి
కుడి చెయ్యి వెనకుండిపోయింది, ఎడమది ముందుంది.
గోడ మూర దూరం.
ఆ మూరలోంచి
మూడో లేను పిల్ల దాటిపోయింది.
సెకనులో వందో వంతులు పదకొండు.
నాలుగో స్థానానికి మెడలో ఏమీ వెయ్యరు.
టవలేసుకున్నాను.

అప్పట్నించి లెక్క.
కుడితో మొదలెడితే
బేసి బారకి గోడ రావాలి, సరి బారకి రాకూడదు.
బస్సు మెట్లు, స్టేషను వంతెన, ప్లాట్‌ఫారం పలకలు,
అన్నీ బేసికి ముగించడం అలవాటైపోయింది.
ఊరందరికీ సరి సరైతే
నాకు బేసే సరి.

రెండేళ్ళకి అదే ఫైనల్లో నలభై ఏడో బారకి
గోడ వేళ్ళకి తగిలింది.
వెండి.
అయ్య దాన్ని పళ్ళతో కొరికి చూసి
ఉప్పగా ఉందన్నాడు.

ముప్పై ఒకటో ఏట భుజం అరిగింది.
ఎడమది కాదు, కుడిది.
ఇన్నాళ్ళూ అందరూ లేనిదాన్నే చూశారు,
ఇద్దరి పని చేసింది ఉన్నది.
ఇప్పుడు టిక్కెట్ల కిటికీ వెనక కూర్చుంటున్నాను.
చిల్లర ఒంటి చేత్తో లెక్కపెడితే
క్యూలో వెనకున్నవాళ్ళు గొణుగుతారు.
గొణగనీ.

మొన్న సాయంత్రం శ్రీకాకుళం ఏడు రోడ్ల దగ్గర
కనకాంబరాల గంప.
పూలామె తన చెయ్యి చాచబోతే
నా ఎడమది ముందు పెట్టాను. దీంతో కొలవమన్నాను.
ఒక్క క్షణం నా మొహం చూసింది.
మాటాడకుండా
మోచేతి మొన దగ్గర మాల ఆనించి
ఏమీ లేని గాలి మీదుగా మెల్లగా నడిపించి
ఎక్కడో ఆగి
తుంచింది.

ఇంటికెళ్ళి కుడి చేతి మీద వేసి చూసుకున్నాను.
మూరే.
రెండు పువ్వులు ఎక్కువ.