చివరి కొక్కెం

మెట్‌పల్లి అయ్యగారు ఫోన్ల పంపిండు:
పుష్యమి నక్షత్రం. హు, హే, హో, డ.
పాదం సరిగ చెప్పరాదన్నడు,
అక్కడి గడియారమొకటి, ఇక్కడి గడియారమొకటి.
"డ" తోని ఏం పేరుంటదని నేను.
"డప్పు" అన్నది రజిత,
కుట్లు గుంజుతున్నా నవ్వుకుంట.

సలాలాల అప్పుడు తుంపర కాలం.
కొండలు పచ్చబడ్డయి, కిటికీ అద్దాలకు చెమట.
పదేండ్లు ఎందరి పిల్లలకో
చేతికి పేరు పట్టీ కట్టిన నర్సు,
సొంత బిడ్డ పట్టీ మీద
"బేబీ ఆఫ్ రజిత" అని చూసి
ఇంకెన్ని రోజులన్నది.

మా ఇంట్ల పేర్లు ఏరుకున్నయి కావు.
నాయనమ్మ పేరు పెంటమ్మ.
ముగ్గురు పోయినంక పుట్టిందని
పెంటకుప్ప మీద పండవెట్టి
చేటెడు నూకలకు కొనుక్కున్నరట,
సావు వచ్చి ముక్కు మూసుకొని పోవాలని.
ఎనభై రెండేండ్లు బతికింది.
నన్ను పోచమ్మకు మొక్కి కన్నరు, పోశెట్టి.
ఈ దేశపు రాతల ప లేదు, ట లేదు.
కార్డు మీద బూషీతీ.
మొదట్ల ఇంకెవరినో పిలుస్తున్నరని
ఎనుకకు తిరిగి చూసేటోన్ని.
ఇప్పుడు నిద్రల పిలిచినా పలుకుత.

హేమ, అన్నది రజిత.
హేమ అంటే బంగారం.
నాకు తెలుసు ఎందుకో.
నా వీసాకు కుదువవెట్టిన
మూడు తులాల గొలుసు మళ్ళ ఇంటికి రాలేదు.
ఒక్కనాడు ఆ ముచ్చట తియ్యలేదు ఆమె.
ఇప్పుడు కూడ గొలుసు అనలేదు.
హేమ అన్నది, అంతే.
బంగారమైతే ఎప్పటికైన తూకానికొస్తదని
నోటిదాక వచ్చిన మాట మింగిన.

సనద్ ఆఫీసుల తుఫూల్ అనే పిల్ల,
గోరింట ఇంకా నల్లగున్న వేళ్ళు,
ఒక్కో అచ్చరం కొట్టింది.
చదువుమంటే, హీమా.
అయ్యో, హిమ అంటే మంచు, అది వేరే మాట.
ఆమెకు మంచంటే ఫ్రిజ్జుల గడ్డ.
మళ్ళ చదివింది: హైమా.
వాళ్ళకు ఏత్వం లేదట,
ఈకి, ఐకి ఒకటే అచ్చరం.
"హైమా! మస్కట్ తొవ్వల ఊరు కదా?
చివర ఒక హమ్జా పెడితే అచ్చం ఆ ఊరే.
పెట్టాల్నా?"
ఏష్ మానా, అడిగిన.
కొద్దిసేపు ఆలోచించి చెప్పింది:
నీళ్ళు దొరకని భూమి.

ఆ ఊరు నాకెందుకు తెల్వదు?
టమాటల ట్రైలరుతోని వారానికి రెండుసార్లు
ఐదువందల యాభై కిలోమీటర్లు
ఇసుక, ఇసుక, ఒక ఒంటె, ఇసుక,
అప్పుడొస్తది హైమా.
పెట్రోలు పంపు, పంచర్ దుకాణం, మసీదు,
ఫోనుకు సిగ్నల్.
ఆ పొద్దు బండి ఆపంగనే
పదకొండు మిస్డ్ కాల్స్.
తిరిగి చేస్తే ముందు ఏడుపు ఇనవడ్డది,
తల్లిదో పిల్లదో తెల్వదు,
ఆ ఎనుక సిస్టర్ సూసమ్మ నవ్వు.
చేతిల వంద బైసల నీళ్ళ బాటిల్.
తాగలేదు, నెత్తిన పోసుకున్న.
పంచర్ దుకాణం పఠాన్
టైరు వదిలి నిలవడి చూసిండు.

హమ్జా ఎట్లుంటదో చూపియ్యమన్న.
తుఫూల్ కాగితం మూలకు రాసింది.
చిన్న కొక్కెం,
గొలుసు చివర ఉండేటటువంటిది.
పెట్టు, అన్న.

ఇంటికొచ్చి కాగితం ఇచ్చిన.
రజితకు అరబ్బీ చదువొస్తది.
వేలు చివరి గుర్తు కాడ ఆగింది.
"నీళ్ళు లేని ఊరి పేరు పెట్టినవా పిల్లకు?"
"నేను నీళ్ళు కొన్న ఊరు."
ఏమనలేదు.
ఇరవైఒకటో దినానికి ఇంకా రెండు రోజులుండంగనే
స్టీలు పళ్ళెంల బియ్యం పోసి
వేలితోని రాసి చూసుకున్నది, హేమ,
పక్కకు ఆ కొక్కెం.
బియ్యం జారి ఏత్వం పూడింది.
మళ్ళ గీసింది.