ఇరవై ఎనిమిది

పగలంతా పరాయివాళ్ళ పళ్ళు చేస్తాను,
కాక్స్ టౌన్‌లో ఒక డెంటల్ ల్యాబులో:
పింగాణీ దంతాలు, మైనపు చిగుళ్ళు.
రాత్రి అదే పట్టకారుతో
మర్ఫీ టౌన్ ఇంట్లో, ఇస్త్రీ బల్ల మీద
ముప్పై అయిదో వంతు యుద్ధం అతికిస్తుంటాను.

బ్రెన్ క్యారియర్. అరచేయంత బండి.
పైకప్పు లేదు. అసలు బండికీ లేదు.
"వానొస్తే తడిసేవాళ్ళం. గుండొస్తే... అదీ అంతే"
అనేవాడు జేజినాయన, వక్క కొరుకుతూ,
వాన గురించే ఎక్కువ చెబుతూ.

ఇంజను బండి మధ్యలో ఉంటుంది.
ఎనిమిది సిలిండర్ల ఫోర్డు.
వెనక కూచున్నవాళ్ళు దానికి అటొకరు ఇటొకరు,
చలిమంట కాచుకుంటున్నట్టు,
బర్మా ఎండలో.

స్టీరింగు కొంచెం తిప్పితే చక్రాలు తిరగవు,
ట్రాకే విల్లులా వంగుతుంది.
ఇది నేను పుస్తకంలో చదివింది కాదు.
హలసూరు సంతలో పొట్లకాయని
రెండు చేతులా పట్టుకుని వంచి చూపించాడు.
విరిగింది.
కాయలమ్మే ఆవిడ కన్నడంలో తిట్టింది, తమిళంలో డబ్బడిగింది.

తుపాకి ఆరు ముక్కలు.
గొట్టం, రెండు కాళ్ళు, మడమ,
నెత్తిన అరటిపండులా వంగిన మ్యాగజైను.
ముప్పై తూటాలు పడతాయి.
ఇరవై ఎనిమిదే పెట్టాలట.
నిండా కుక్కితే స్ప్రింగు మొరాయిస్తుంది.

తుపాకి చూడకముందే
మా ఇంట్లో అందరికీ వచ్చిన లెక్క ఇది.
బియ్యం డబ్బా అంచుకి రెండు వేళ్ళు తక్కువ.
కిరసనాయిలు సీసా మెడకి రెండు వేళ్ళు తక్కువ.
అత్త పెళ్ళి పత్రికలన్నీ పంచి
రెండు మాత్రం బీరువాలో పెట్టుకున్నాడు.
ఎవరికి అంటే
"స్ప్రింగుకి" అన్నాడు.

ఆయన కుడి అరచేతిలో అడ్డంగా ఒక మచ్చ,
పెన్సిలంత వెడల్పు, నున్నగా.
శివాజీనగర్‌లో చెయ్యి చూసేవాడొకడు
దాని మీద వేలు పెట్టి, కాసేపు ఆలోచించి
రూపాయి తిరిగి ఇచ్చేశాడు.
మేం నవ్వాం. ఆయనా నవ్వాడు.

నిన్న రాత్రి డి-పద్నాలుగు అనే ముక్క అతికిస్తున్నాను.
గొట్టానికి పిడి.
వరసగా పది మ్యాగజైన్లు కాలిస్తే గొట్టం మండిపోతుంది,
ఈ పిడి పట్టుకునే ఊడదీసి ఇంకోటి బిగించాలి.
ఎడమ సీటు గన్నరుది.
కోలారు చౌరప్పది.
కుడి సీటు డ్రైవరుది.
డ్రైవరు చేతులు స్టీరింగు మీద ఉండాలి.

మరి ఆ మచ్చ?

పట్టకారు కింద పెట్టాను.
ఆ చెయ్యి పట్టుకునే కదా
ఇన్నేళ్ళూ ఓల్డ్ మద్రాస్ రోడ్డు దాటింది.
చౌరప్ప గురించి ఆయన చెప్పింది ఒక్కటే:
"వాడి గురకకి ఇంజను సిగ్గుపడేది."
చింద్విన్ దాటేదాకా కథలో గురక ఉండేది.
దాటాక
వాన ఒక్కటే.

పెట్టెలో రెండు బొమ్మలొచ్చాయి.
ఇద్దరిదీ ఒకే అచ్చు మొహం,
గన్నరు నోరు మాత్రం కొంచెం తెరిచి ఉంది.
ఈ సైజు బొమ్మకి ఎవరూ పళ్ళు వెయ్యరు, కనబడవు కూడా.
అయినా అన్నిటికన్నా సన్నని బ్రష్షుతో
లోపల ఒక తెల్ల చుక్క పెట్టాను.
నాకొచ్చిన పని అదే.

డ్రైవరుకి జిగురు పెట్టాను.
వాడికి పెట్టలేదు. ఎడమ సీట్లో ఊరికే ఆనించాను.
రోడ్డు మీద లారీ పోతే
ఇస్త్రీ బల్ల అదురుతుంది,
వాడు కుడివైపుకి ఒరుగుతాడు.
మళ్ళీ కూచోబెడతాను.