జీడిమరక

తుపాను తోటల్ని పడుకోబెట్టీసిన ఏడాది
బస్తాల లారీలు రావడం మానీసినాయి.
నా షెడ్డులో గ్రీజు గుంత ఖాళీ.
దానిమీద పలకలు పరిచి
నలుగురు నిలబడినారు.
అద్దె ఎంతన్నారు,
కరెంటు బిల్లు కట్టండి చాలన్నాను.
అప్పటికింకా వాళ్ళు మీట నొక్కలేదు.

కూర్మారావు నా దగ్గర డెంటింగు గుంటడే.
సొట్టపడ్డ తలుపుని వెనకనించి కొట్టి కొట్టి
లోపలికి పోనదాన్ని బయటికి రప్పిస్తాడు.
డ్రమ్ములంటే మరేటి, అదే పని.
రెండు ఆయిలు డబ్బాలు, డీజిలు ట్యాంకు మూత,
కాశీబుగ్గ పాతసామాన్ల కొట్లో దొరికిన
ఒకే ఒక్క నిజం డ్రమ్ము.

దండాసి గిటారుకి నాలుగే తీగలు.
ఆరుండాలి కదరా అంటే
బేసుకి నాలుగే మావా అన్నాడు.
నమ్మినాను.
రెండు తెగిపోనాయని తరవాత బైరాగి చెప్పినాడు.

ఆ బైరాగి వైరింగు పనోడు.
పెళ్ళిళ్ళకీ ఓట్లకీ అరిచి అరిచి
గొంతు పోనాదని మూల పడీసిన మైకుసెట్టు విప్పినాడు.
గరగర పోగొట్టరా అన్నాను.
గరగర కోసమే గదా తెచ్చుకున్నాం అన్నాడు.

ఇక ఢిల్లేశ్వరి.
పలాస జీడి ఫేక్టరీలో పిక్కలు కొట్టే గుంట.
జీడి తిన్న వేళ్ళు, కొసలు నల్లగా,
గిటారు తీగ కోసినా తెలీదు.
పాడవే అంటే అరుస్తాది.
ఎందుకలాగ అంటే,
"పాడితే అడుక్కున్నట్టుంటాది మావా,
అరిస్తే అడిగినట్టుంటాది."

వాళ్ళ మొదటి పాట కాటా గురించి.
కిలో కొడితే తొమ్మిదొందలు చూపించే కాటా.
కాటా ఎవడిది, కాటా ఎవడిది, అంతే పాట.
నేను టీ ఊదుకునేలోపు అయిపోనాది.
ఎలాగుంది మావా అన్నారు.
చెవి నొప్పెట్టింది అన్నాను.
నలుగురూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని
ఎంత సంబరపడినారో.

చవితి పందిట్లో కోలాటానికీ లడ్డు వేలానికీ మధ్య
పది నిమిషాలు ఇచ్చినారు.
రెండో పాటకి ముసిలోళ్ళు లేచిపోనారు.
మూడోది కాటా పాట.
కమిటీ పెసిడెంటుకి ఫేక్టరీలో వాటా ఉంది,
వైరు పీకించీసినాడు.
గిటార్లు చచ్చినాయి, మైకు చచ్చింది.
కూర్మారావు ఆపలేదు,
డబ్బాకి కరెంటు ఎందుకు?
అప్పుడు వెనక వరసలో
పిల్లల్ని చంకనెత్తుకున్న ఫేక్టరీ ఆడోళ్ళు
కాటా ఎవడిది
అని అందుకున్నారు.
నా ఒంటిమీద వెంట్రుకలు లేచినాయి, అబద్ధమెందుకు.
పాట నచ్చిందని మాత్రం ఇప్పటికీ చెప్పను.

తెల్లారితే ఆ గుంటకి పని లేదు.
మేస్త్రీ గేటు దగ్గరే చెప్పీసినాడు.

తరవాత ఇచ్ఛాపురం, బరంపురం కాలేజీ,
ట్రాలీ ఆటోలో డ్రమ్ములు, డ్రమ్ముల మీద దండాసి.
విశాఖలో టిక్కెట్టు పెట్టినారట, కొన్నారట!
కుర్రోళ్ళు చొక్కాల మీద అచ్చేసుకున్నారట,
జీడిమరక అని,
కింద చిన్నచ్చరాల్లో, ఉతికినా పోదు అని.
హైదరాబాదాయనొకడు
అంతా బావుంది, ఆ గరగరొకటి తీసేద్దాం అన్నాడట.
రాత్రి బండికే వచ్చీసినారు.
మా ఇంట్లో చద్దన్నం, ఎండుచేప.
బైరాగి తింటూ ఏడిచినాడు,
కారం అన్నాడు.

తోటలు మళ్ళీ కాపుకొచ్చినాయి.
లారీలొస్తన్నాయి, పలకలు తీసీసినాను.
వాళ్ళకిప్పుడు విశాఖలో గది ఉంది,
గోడలకి పరుపులు కొట్టిన గది, చప్పుడు బయటికి పోదట.
బయటికి పోని చప్పుడు దేనికో నాకు తెలీదు.
మూడు నెల్ల కరెంటు బిల్లు బాకీ.

మొన్న ఢిల్లేశ్వరి సగం బాకీ తెచ్చింది.
వేళ్ళు చాపి చూపించింది.
నలుపు వదిలిపోతంది మావా, అంది.
సంతోషంగా అందో, మరెలాగ అందో,
పక్కన లారీ ఇంజను ఆడుతోంది, పోల్చుకోలేకపోనాను.
కూర్మారావు చిన్న సుత్తి ఎక్కడ పెట్టీసి పోనాడో
అడుగుదామనుకుని
అదీ మరిచిపోనాను.