రెండు ఓమ్‌ల అబద్ధం

వస్తే వస్తుంది, లేదంటే లేదు.
నా షెడ్డు ముందు ఆపిన వేళ మాత్రం
ఏమీ ఎరగనట్టుంటుంది డాష్‌బోర్డు,
డాక్టరు చెయ్యి పట్టగానే తగ్గిపోయే జ్వరంలా.

"పద్మపురం దార్లో వెలుగుతాది తవిటయ్యా,
వాగు వంతెన దిగిన గతుకు కాడ.
గుణుపురం పొలిమేరకి వచ్చీసరికి ఆరిపోతాది"
అంటాడు నిరంజన్ బిసోయి,
సగం ఒడియాలో, సగం మన మాటలో.
బెల్టు పెట్టుకు కూర్చున్న ఎర్ర బొమ్మ,
మొహం ముందు గుండ్రంగా ఒక బంతి.
దాన్నాయన ఫుట్‌బాల్ బాబు అంటాడు.

మొదటివారం సీటు కింద పసుపు సాకెట్టు విప్పాను.
పక్కనే రెండు చింతగింజలు, పసిబిడ్డ గజ్జె ఒకటి,
ఆసుపత్రి చీటీ ముక్క.
సాకెట్టు తుడిచి, కదలకుండా కట్టి, కోడు చెరిపాను.
"ఠిక్ హెలా?" అన్నాడు. అయిందన్నాను.
నాలుగు రోజులు ఆరింది. అయిదో రోజు ఫోను.

రెండోవారం స్టీరింగులో చుట్టుకునే రిబ్బను మీద అనుమానం.
ఎడమకి చివరిదాకా, కుడికి చివరిదాకా.
పని నేర్చుకునే కుర్రాడు సుశాంత సబర
రెప్ప వెయ్యకుండా చూస్తూ
లేదు, లేదు, లేదు
అంటూనే ఉన్నాడు వంతెనదాకా.
గతుకులో పడ్డాం.
ఉంది!

స్కానరు చెప్పింది: డ్రైవరు వైపు, రెసిస్టెన్సు ఎక్కువ.
అంతకుమించి దానికి మాట రాదు.

మూడోవారం బ్యాటరీ తీసి పది నిమిషాలు ఆగాం.
ఆగాల్సిందే. లోపల మిగిలిన కరెంటు చల్లారాలి.
బ్యాగు పేలితే మొహం దక్కదని సుశాంతకి చెప్పాను,
వాడు టీ గ్లాసు పట్టుకుని నాలుగడుగులు వెనక్కి జరిగాడు.
హారను మూత రెండు చేతులా పట్టి
మొహం పక్కకి తిప్పి తీశాను,
పాముబుట్ట తీసినట్టు.

బుట్టలో పాము లేదు.

మడత గుడ్డ ఉండాల్సిన చోట బోలు.
మూత అంచున ఎండిన జిగురు.
రెండు పసుపు తీగల నడుమ
బియ్యపు గింజంత రెసిస్టరు.
దాని కాలి దగ్గర టంకం పగిలింది, వెంట్రుకంత.

ఎక్కడో, దేన్నో గుద్దిన రోజున
ఈ కారు తన ఒక్క ఊపిరీ వదిలేసింది.
ఆ తర్వాత ఎవడో పనివాడు, నాలాంటివాడే,
కంప్యూటరు అడిగే ప్రశ్నకి జవాబొకటి అతికించాడు:
ఉన్నాను, రెండు ఓమ్‌లు, కులాసా.
గతుకు వచ్చినప్పుడల్లా ఆ జవాబు తడబడేది.
మూడు వారాలుగా
నేను ఆ తడబాటుకి వైద్యం చేస్తున్నాను.

కొత్త బ్యాగు ధర చెప్పాను.
బిసోయి కారు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు.
పురిటి మనుషుల్ని ఆసుపత్రికి తెచ్చే బండి,
ట్రిప్పుకి మిగిలేది డీజిలు పోను ఎంతో నాకూ తెలుసు.
"ఆ మూల కాస్త టంకం వేసీరాదూ,
లైటు ఆరిపోద్ది కదా."
ఆరిపోద్ది. రెండు నిమిషాల పని.
కడ్డీ వేడెక్కే ఉంది.
సుశాంత నా మొహం చూడలేదు,
చేతులు చూస్తున్నాడు.

కడ్డీ కింద పెట్టి కట్టరు తీశాను.

డబ్బులివ్వలేదు. నేనూ అడగలేదు.
పది రోజులు మా షెడ్డు ముందు నుంచి
హారను కొట్టకుండా పోయాడు.

నిన్న గాలి తక్కువైందని వచ్చి
తనే చెప్పాడు.
ఆ ఎర్రదేంటని అడిగిందట వెనక సీట్లో నెలలు నిండిన మనిషి.
"లోపల ఏం లేదని చెప్తాది" అన్నాడట.
అయితే నెమ్మదిగా పోనీ, అందట.

వంతెన దగ్గర మేకల మంద
తన బండిని దాటి పోయిందని
విసుక్కున్నాడు, నవ్వాడు,
నాలుగు చక్రాల్లోనూ గాలి చూడమన్నాడు.