తిరగేసిన అణా

యుద్ధం ఎక్కడో.
మా లంకలో చిల్లర చచ్చిపోయింది.
కానీలు కరిగి ఏ దేశంలో తూటాలయ్యాయో,
రేవు పాటదారు పెచ్చెట్టి సూరన్న
రూపాయికి మిగతా అడిగితే
ఖాళీ అరచెయ్యి చూపించేవాడు.

ఆఖరికి టేకుముక్క మీద అచ్చు కోయించాడు:
పడవ, రెండు తెడ్లు, కింద "అణా".
చెక్కింది వడ్రంగి బ్రహ్మలింగం.
నాగళ్లకి అలవాటుపడ్డ చెయ్యి,
అద్దం సంగతి దానికేం తెలుసు?
చుట్టల కట్టలకి చుట్టే గులాబీ కాయితం మీద
మొదటి నోటు పడేసరికి
అక్షరాలు మనకి వీపు పెట్టి నిలబడ్డాయి.

సూరన్న నవ్వలేదు.
మళ్ళీ చెక్కిస్తే కూలి దండగన్నాడు.
"దీపానికి అడ్డం పెట్టి
వెనకనుంచి చదూకోండి."

చదూకున్నారు.
అణాకి మనిషీ మేకా దాటొచ్చు.
నొప్పులు పడే ఆడదాన్ని నోటడగరు.
పొగాకు గుచ్చే కూలీలు రవికల్లో దాచుకుంటే
చెమటకి పడవ చెరిగిపోయేది, తెడ్లు మిగిలేవి.
తెడ్లు చూసి కొత్తదిచ్చేవాడు,
గొణుక్కుంటూనే.

రెండో ఏడు దొంగనోటు దిగింది.
అవతలి గట్టున అచ్చాపీసు కుర్రాడెవడో
సీసం అక్షరాలు పేర్చి
ఒక్క తప్పు లేకుండా,
ఎడమనుంచి కుడికి
"అణా" అని వేశాడు.
పట్టుకున్నది మా పెద్దమ్మ నూకాలు.
ఓనమాలు రాని మనిషి.
"ఇది మనది కాదయ్యా.
మన అణా అటు తిరిగి కూకుంటాది."

యుద్ధం ముగిసింది. చిల్లర బతికొచ్చింది.
సూరన్న నోట్లన్నీ వెనక్కి తీసుకున్నాడు.
పద్దులో ఇచ్చినవి రెండువేల నలభై,
వచ్చినవి పంతొమ్మిదివందల డెబ్భై మూడు.
దాటని దాటింపులు అరవై ఏడు
ఇంకా ఆయన బాకీయే.
ఎవరికి తీర్చాలి?
అరటితోట వైపునుంచి గోదారి
లంకని కోసుకుంటూ వస్తోంది,
రేవు ఉన్నచోట ఇప్పుడు సుడి.

మొన్న పెద్దమ్మ పోయాక
పసుపు డబ్బా అడుగున
నాలుగు మడతల గులాబీ కాయితం దొరికింది.
అరవై ఏడులో ఒకటనుకున్నాం.
కిటికీకి అడ్డం పెట్టబోయి ఆగిపోయాను.

దీపం అక్కర్లేదు.
పసుపు పట్టిన అక్షరాలు
తిన్నగా నా మొహంలోకే చూస్తున్నాయి.

ఏ రేవులోనూ చెల్లని నోటు.
ఆ కుర్రాడి పేరు
మా ఇంట్లో ఎవరికీ తెలీదు.