ఉప్పు తిన్న నెత్తురు

ముందు వెలుగు వస్తుంది.
నొప్పి కాదు, వెలుగు.
ఎడమకంటి మూల రంపం పళ్ళలా మొదలై
ఉప్పుమడి అంచున మెరిసి, మెల్లగా ఎదిగి
అవైరు ఆకాశాన్ని సగానికి కోసేస్తుంది.

"వచ్చిందా, దియొలిందా?"
పార కింద పెట్టకుండానే అడుగుతాడు అల్బానో.
వచ్చింది. ఇరవై రెండో ఏట నుంచీ వస్తూనే ఉంది
చెప్పి మరీ వచ్చే అప్పులవాడిలా.

గుడిసెలో దూరి, మాత్ర మింగి
తడి గోనెపట్టా కళ్ళ మీద కప్పుకుంటాను.
కణతలో ఎవరో రాళ్ళుప్పు దంచుతుంటారు.
సాయంత్రానికి అలిసి, రోకలి పక్కన పెడతారు.

మొన్న ఆరోగ్యకేంద్రంలో
నర్సు ఫిలొమేనా చేతికి పట్టీ చుట్టింది.
గాలి కొట్టింది, వదిలింది. మళ్ళీ కొట్టింది.
నూట డెబ్బై ఎనిమిది, నూట నాలుగు.
"ఇవాళ నొప్పి ఉందా?"
"లేదు. హాయిగా ఉంది."
ఆమె పెన్ను ఆగిపోయింది.

నాది తలజబ్బు కదా, గుండెతో పనేముందన్నాను.
"మీ మడులకు నీళ్ళెక్కడివి?" అంది.
అన్నిటికీ ఒకటే కాలవ.
"పోటు పెద్దదైతే?"
ఎక్కడ గట్టు పల్చనో అక్కడ తెగుతుంది,
మనం కాపలా ఉన్నచోటే తెగాలని లేదు
అంటూ అంటూ ఊరుకున్నాను.

నా పాత మాత్రలు సొరుగులో వేసి మూసింది.
అవి రక్తనాళాల్ని నులిమి నొప్పి ఆపేవట,
ఇంత ఒత్తిడి మీద ఇంకో పిడికిలి వద్దట.
పదకొండేళ్ళు నన్ను గోనె కింద నుంచి లేపిన మాత్రలు.
ఒక్క మాటైనా చెప్పుకోనివ్వలేదు.

బదులుగా ఒక చిన్న గులాబిరంగు బిళ్ళ.
రోజూ పొద్దున్నే, నొప్పి ఉన్నా లేకున్నా.
తలకూ అదే, గుండెకూ అదే.
"ఇంకోటి..." అంటూ నా చేతులు చూసి ఆగింది.
వేళ్ళ పగుళ్ళ నిండా తెల్లగా.
"తెలుసులే, ఉప్పు తగ్గించాలి."
ఇద్దరం నవ్వాం. ఆమె నవ్వు ముందు ఆగింది.

ఉప్పు తిన్న విశ్వాసం నాకూ ఉంది.
మా అమ్మ చీలమండలు ఈ నీళ్ళలోనే పగిలాయి.
ఒక ఆగస్టు మధ్యాహ్నం ఈ గట్టు మీదే కూర్చుంది,
కాస్త తల తిరుగుతోందని. మళ్ళీ లేవలేదు.
ఎండదెబ్బ అనుకున్నాం.
అలాగే రాయించాం.

రాత్రి చేపల పులుసు చప్పగా ఉంది.
అల్బానో ఉప్పుగిన్నె కోసం చెయ్యి చాచి
నా మొహం చూసి, రొట్టె అందుకున్నాడు.
పడుకున్నాక రొమ్ము మీద చెయ్యేసి విన్నాను.
అదే రోకలి. కాకపోతే నెమ్మదిగా.

తెల్లారింది. పదమూడో బిళ్ళ.
ఎడమ పక్క ఏదో మెరిసింది.
పార ఆనించి నిలబడ్డాను,
ఎండో, రంపమో
తేలేదాకా.